బొట్టు పెట్టిన కంప్యూటరు

ఉద్యోగం నుంచి దిగిపోయాక నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: “ఇన్నేళ్ళూ మీరు అసలు ఏం చేసేవారు?” అడిగినవాళ్ళలో మావారు కూడా ఉన్నారు. ఆయన ఇక్కడ రాయపూర్ దగ్గరి స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆయన పని చెప్పాలంటే చెయ్యి పైకెత్తి, పక్కకి తిప్పి, కిందకి దించితే చాలు, చిన్నపిల్లలకి కూడా అర్థమైపోతుంది. నా పని అలా చేతులు తిప్పి చూపించేది కాదు. “కంప్యూటర్లు చూసుకునేది” అని ఆయన నలుగురికీ చెబుతుంటే, పశువుల్ని చూసుకునేదన్నట్టు వినబడేది. ఆలోచిస్తే అదీ పెద్ద తప్పు మాట కాదు.

ఇప్పుడు నా కుర్చీలో స్నేహ అనే అమ్మాయి కూర్చుంటోంది. వాళ్ళ తాతగారు విజయనగరం నుంచి వచ్చి ప్లాంటులో చేరారు. ఈ అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ ప్లాంటు పక్కనున్న మరోదా బస్తీలోనే. ఆదివారాలు సెక్టర్ 7లో మా ఇంటికి వస్తుంది. “ఆంటీ, మీకు వచ్చిందంతా లిఖ్ డాలో, ప్లీజ్. ప్రమోషన్లూ ఫైళ్ళూ మత్ లిఖ్‌నా. అసలీ కామ్ రాయండి,” అని, చేసిన అసలు పని గురించే రాయమని వెంటపడింది. తెలుగులో రాస్తే చదవగలవా అంటే, వాళ్ళమ్మ చదివి వినిపిస్తుందట. సరే, వాళ్ళమ్మకి బోరు కొట్టకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఏది ఆపితే ఏది ఆగుతుంది

నేను పనిచేసింది ఊరి చివర ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో. పేరు రాయను, అక్కడివాళ్ళంతా మంచివాళ్ళే. ఇనుప దిమ్మెల్ని ఫర్నేసులో ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య నుంచి పంపి కడ్డీలుగా సాగదీస్తారు. కాల్చడం, సాగదీయడం, కొయ్యడం, తూచడం, లారీలకెక్కించడం, అన్నిటి వెనకా ఏదో ఒక కంప్యూటరు ఉంటుంది. వాటన్నిటి వివరాలూ ఒకచోట పెట్టే వ్యవస్థ నా చేతిలో ఉండేది. దాని పూర్తి పేరు కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ డేటాబేస్. అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేక అందరం సీఎండీబీ అంటాం.

కొత్తగా చేరినవాళ్ళు దీన్ని సామాన్ల జాబితా అనుకుంటారు. సామాన్ల జాబితా స్టోర్సు వాళ్ళ దగ్గర ఉంటుంది, వాళ్ళు దాన్ని మనకంటే బాగా రాస్తారు. మన ఇంట్లో ఫ్యాన్లెన్ని ఉన్నాయో ఎవరైనా లెక్కపెట్టి చెబుతారు. మెయిన్ బోర్డులో ఈ ఫ్యూజు పీకితే ఏ గదిలో చీకటి పడుతుందో, వంటింట్లో ఫ్రిజ్ ఆగుతుందో లేదో చెప్పాలంటే మాత్రం ఆ ఇంట్లో కొంతకాలం కాపురం చేసి ఉండాలి. సీఎండీబీ ఉన్నది ఆ రెండో రకం సంగతి కోసం. ఏ కంప్యూటరు మీద ఏ ప్రోగ్రాం నడుస్తోంది, అది ఆగితే ఇంకేది ఆగుతుంది, ఎవరికి ఇబ్బంది, ఎవర్ని అడగాలి. ఇంతే. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే మౌసుల రంగూ మానిటర్ల సైజూ లేకపోయినా కొంప మునగదు. నేను చేరిన కొత్తలో అవన్నీ శ్రద్ధగా ఎక్కించేవారు. అసలు సంబంధాల గడులు మాత్రం సగం ఖాళీగా ఉండేవి.

ఖాళీ గడి కంటే పాత పేరున్న గడి ప్రమాదం. ఖాళీగా ఉంటే అడుగుతాం. పేరుంటే నమ్మేస్తాం. ‘బాధ్యులు’ అనే వరసలో రిటైరైనవాళ్ళ పేర్లు, రాయపూర్‌కి బదిలీ అయినవాళ్ళ పేర్లు, ఇద్దరు ముగ్గురు కాలం చేసినవాళ్ళ పేర్లు కూడా ఉండేవి. మనిషి వెళ్ళిపోయేటప్పుడు కుర్చీ అప్పగిస్తాడు, తాళాలు అప్పగిస్తాడు, హెల్మెట్ కూడా లెక్క చెప్పి ఇచ్చేస్తాడు. డేటాబేసులో తన పేరు అప్పగించి వెళ్ళాలని మాత్రం ఎవరికీ తోచదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో నా నెత్తికే వస్తుంది.

నాన్న చెప్పే నంబరు

మా నాన్న రైల్వేలో గేట్‌మన్. ఆంధ్ర నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలు చాలా ఉండేవి మా క్వార్టర్ల వరసలో. మేం క్రైస్తవులం, పక్కింటివాళ్ళు హిందువులు, ఎదురింట్లో మస్తాన్ గారు. పండగలన్నీ అందరివీ.

గేటు పని చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. బండి వస్తోందంటే స్టేషన్ మాస్టరు గేటు గదికి ఫోన్ చేసి గేటు వెయ్యమంటాడు. నాన్న గేటు వేసి, తాళం వేసి, మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చి, “వేశాను” అంటే సరిపోదు. తన దగ్గరున్న అచ్చు కాగితంలోంచి ఒక నంబరు చూసి చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. ఆయన చెప్పింది అవతల స్టేషన్ మాస్టరు తిరిగి చెప్పి రాసుకుంటాడు. ఆ తర్వాతే బండికి సిగ్నల్ ఇస్తారు. నాన్న ఆ నంబరు కొట్టేస్తాడు, మళ్ళీ వాడకూడదు.

ఎందుకీ తతంగం అని చిన్నప్పుడు అడిగాను. “ఊఁ అనడానికి నిద్రలో కూడా అనీగలం గదమ్మా. నంబరు సెప్పాలంటే కళ్ళిప్పి కాయితం సూడాల,” అన్నాడు నాన్న. ఇంట్లో అదొక వేళాకోళం అయిపోయింది. హోంవర్క్ చేశానంటే, “నంబరు సెప్పు,” అనేది అమ్మ.

గేటు గదిలో నాన్నతో డ్యూటీ పంచుకునే ఆయన పేరు నాయుడు గారు. మన ఆయుధ పూజలాంటి విశ్వకర్మ పూజ వచ్చిందంటే ఆయన గేటు తిప్పే చక్రానికీ ఫోనుకీ పచ్చజెండాకీ ఎర్రజెండాకీ కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు కట్టేవాడు. మా నాన్న బొట్టు పెట్టేవాడు కాదు, పెట్టింది తుడిచేవాడూ కాదు. ఆ మూల తుప్పు పట్టిన పాత లాంతరు ఒకటి పడి ఉండేది. దానికి నాయుడు గారు ఎప్పుడూ బొట్టు పెట్టలేదు. పని చేసేదానికే పూజ. ఇది నేను చిన్నప్పుడు చూసి మర్చిపోయిన విషయం, చాలా ఏళ్ళ తర్వాత ఉద్యోగంలో పనికొచ్చింది.

చౌబే గారికి శుభ్రం కావాలి

నా బాసుల్లో నాకు ఎక్కువ ఇష్టమైనవారు చౌబే గారు. బల్ల మీద పెన్ను వంకరగా ఉంటే సరిచేసేవరకూ మాట్లాడలేని మనిషి. ఆయన వచ్చిన కొత్తలో మా సీఎండీబీ తెరిచి చూసి, దుర్వాసన వచ్చినట్టు మొహం పెట్టారు. “సుగుణా జీ, యే గందగీ నహీ చలేగీ,” అన్నారు. ఈ చెత్త ఇక కుదరదని.

ఆయన ఒక కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించారు. అది నెట్‌వర్క్ అంతా తిరిగి, ప్రతి కంప్యూటర్నీ పలకరిస్తుంది. జవాబిచ్చినవి బతికున్నట్టు. జవాబివ్వనివి పాత రికార్డులో ఉన్నా సరే, ‘వాడుకలో లేనివి’ అన్న వరసలోకి వెళ్ళిపోతాయి. అలా వెళ్ళినవాటి బాధ్యులకి మెయిల్ పంపుతుంది. గడువులోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, ఆ కంప్యూటర్ని పీకెయ్యొచ్చు.

చూడ్డానికి చక్కగా ఉంది కదా? మాకూ అలాగే అనిపించింది. ఒక్క చిక్కు వచ్చింది. మిల్లు నడుస్తుండగా ఈ సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ మీద తిరిగితే రోలర్లకి వెళ్ళే సంకేతాలు ఆలస్యమవుతాయేమోనని ప్రొడక్షన్ వాళ్ళు భయపడ్డారు. మిల్లు ఆగి ఉన్నప్పుడు చేసుకోండి అన్నారు. మా ప్రాంతంలో ఏ మిల్లైనా ఖచ్చితంగా ఆగే రోజేదో వేరే చెప్పనక్కర్లేదు. విశ్వకర్మ పూజ. పనిముట్టు ముట్టుకోని రోజు అది. చౌబే గారు క్యాలెండర్ మీద వేలు పెట్టారు, అందరం బాగుందంటే బాగుందనుకున్నాం.

పూజ రోజున షాపుల్లో, అంటే మిషన్లుండే షెడ్లలో, దుమ్మూ మసీ కడిగారు, రంగు కాగితాలు కట్టారు, మైకులో పాటలు వేశారు. ఎవరి మిషన్ వాళ్ళు ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, దండ వేశారు. పైన మా ఏసీ గదిలో సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ అంతా తిరిగి వచ్చింది. చౌబే గారు బూందీ లడ్డూ తింటూ తెర చూసి, “దేఖియే, కిత్‌నా సాఫ్!” అని, ఎంత శుభ్రమో చూడమని మురిసిపోయారు. నేనూ లడ్డూ తిన్నాను. బాగా చేశారు ఆ ఏడాది.

బంతిపూల దండ

కొన్ని వారాలకి ‘వాడుకలో లేనివి’ ఏరి తెచ్చే పని మొదలైంది. ఎలక్ట్రీషియన్ దేవాంగన్ భయ్యా ప్లగ్గులు పీకుతాడు, నేను పక్కన నిలబడి రికార్డులో ఆ కంప్యూటరు మూసేస్తాను. నిజంగా పాతవే చాలా దొరికాయి. ఎలకలు కొరికినవి, తెర పగిలినవి, ఒకదాన్లో అయితే ఎవరో ఖైనీ పొగాకు డబ్బాలు దాచుకున్నారు. ఇద్దరం నవ్వుకుంటూ పనిచేశాం.

ఫర్నేసు పక్కన చిన్న ప్యానెల్ గది ఉంది. అందులో అల్మారా మీద దుమ్ము కొట్టుకుపోయిన బూడిదరంగు కంప్యూటరు ఒకటి, తెర లేదు, చిన్న ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతోంది. రికార్డు ప్రకారం వాడుకలో లేదు. బాధ్యుడు పండా గారు, మెయిల్ వెళ్ళింది, జవాబు రాలేదు. అన్నీ సరిపోయాయి. దేవాంగన్ ప్లగ్గు మీద చెయ్యి వేసి, “నికాల్ దూఁ క్యా, దీదీ?” అన్నాడు, పీకెయ్యనా అని.

నేను “ఆఁ” అనబోతూ చూశాను. పెట్టె ముందుభాగం మాత్రం ఎవరో తుడిచారు. అక్కడ కుంకుమ బొట్టు ఉంది. పైన ఎండిపోయిన బంతిపూల దండ.

అప్పటిదాకా మేం పీకిన వాటిలో దేనికీ బొట్టు లేదు. నాకు నాయుడు గారి గేటు చక్రం, ఆ మూల లాంతరు గుర్తొచ్చాయి. “ఆగు భయ్యా,” అన్నాను. పక్క షాపులో ఎంత కుంకుమ ఎక్కువైతే మాత్రం పాడైపోయిన డబ్బాకి దండ ఎవరు వేస్తారు?

“దీనికి బొట్టు పెట్టిందెవరు?” అని బయటికి వచ్చి గట్టిగా అడిగాను. ఫర్నేసు కింద నేలమాళిగలో నూనె పంపులు ఉంటాయి. ఆ పంపులు చూసే అప్పలరాజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, మరోదాలో ఉంటాడు. నేను తిట్టడానికి పిలిచాననుకున్నాడు పాపం.

“నానే ఎట్టినాను మేడమ్. తప్పయితే ఒగ్గీయండి. మిషన్లోకి కుంకం పోకుండా సూసే ఎట్టినాను.”

“తప్పేం కాదు రాజూ. దీనికెందుకు పెట్టావు?”

“ఏటో మేడమ్, ముందు పండాగారు ఎట్టీవోరు. రిటైరయిపోయినప్పుడు, ‘రాజూ, ఈ డబ్బా నువ్వు సూసుకో, పూజకి ఆపి తుడిచి బొట్టెట్టు’ అన్నారు. నానెడతన్నాను.”

“ఇది ఏం పని చేస్తుంది?”

అప్పలరాజు తల గోక్కున్నాడు. “అది నాకు తెల్దు మేడమ్. హాజరీదేమో అనుకున్నాను.”

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. పని తెలియకపోయినా ఆ పెట్టె అతని చేతికి వచ్చింది. ఒక పూజ నుంచి ఇంకో పూజకి బొట్టు చేతులు మారింది. మా రికార్డులో మాత్రం పండా గారే ఉన్నారు. పండా గారి మెయిల్ పెట్టె తెరిచేవాళ్ళు లేరు. ఆపి పూజ చేస్తున్న గంటల్లో మా సాఫ్ట్‌వేర్ వచ్చి తలుపు కొట్టింది. అది పలకలేదు కాబట్టి చచ్చిపోయిందని రాసుకుని వెళ్ళింది.

మెట్ల కింద

చౌబే గారికి ఫోన్ చేశాను. కోప్పడతారేమో అనుకున్నాను, ఐదు నిమిషాల్లో హెల్మెట్ పెట్టుకుని ఆయనే వచ్చేశారు. పెట్టె వెనక నుంచి వెళ్ళే తీగ పట్టుకుని బయల్దేరాం. అది గోడలోని గొట్టంలోకి వెళ్ళి, ఇనుప మెట్ల పక్కగా దిగి, నేలమాళిగలోకి పోయింది. కింద పంపుల పైన గోడకి ఒక పసుపు దీపం, హారన్, ఒక చిన్న గ్యాస్ పసిగట్టే యంత్రం. తీగ అక్కడికి చేరింది.

ఫర్నేసులో మండే గ్యాసు ఎక్కడైనా కారితే నేలమాళిగలో చేరుతుంది. కారింది ముక్కుకు తెలిసేలోపే కాళ్ళు తేలిపోతాయి. అందుకే ఆ యంత్రం. అది గ్యాసును పసిగడితే పైనున్న కంప్యూటరుకి చెబుతుంది, కంప్యూటరు హారన్ మోగిస్తుంది. ఎప్పుడో ఎవరో పెట్టిన ఏర్పాటు. అలాంటిది కంప్యూటరు మధ్యలో లేకుండా నేరుగా మోగాలి, ఆ విషయం ఇప్పుడు ఏ కుర్రవాడైనా చెబుతాడు. అప్పుడు అలా కట్టారు.

మర్నాడు ఇన్‌స్ట్రుమెంట్ విభాగం వాళ్ళు పరీక్ష గ్యాసు చిన్న సిలిండరుతో వచ్చారు. పంపుల దగ్గర ఎవరూ లేకుండా చూసి, ముందు కంప్యూటరు నడుస్తుండగా గ్యాసు చూపించారు. పసుపు దీపం వెలిగింది, హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. తర్వాత చౌబే గారు, “అబ్ బంద్ కీజియే,” అన్నారు. కంప్యూటరు ఆపారు. అదే గ్యాసు మళ్ళీ చూపించారు. వాళ్ళ చేతిలోని మీటరు గ్యాసు ఉందంటోంది. గోడ మీద దీపం వెలగలేదు. హారన్ మోగలేదు. పంపు చప్పుడు తప్ప ఏమీ లేదు.

నా పక్కన అప్పలరాజు నిలబడి ఉన్నాడు. అతనూ, సాహూ అనే మరో అతనూ, ఇంకొందరూ రోజూ షిఫ్టు పొడుగునా ఉండే చోటు అది. “అంటే మేడమ్, మీరు నిన్న పీకీసుంటే...” అని ఆపేశాడు. చౌబే గారు ఇనుప మెట్ల మీద కూర్చుని హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అది వంకరగా ఉన్నా సరిచెయ్యలేదు. “మశీన్ సే పూఛా. ఆద్మీ సే నహీ పూఛా,” అన్నారు. యంత్రాన్ని అడిగాం, మనిషిని అడగలేదు.

ఆయన గురించి ఒక మాట రాసి తీరాలి. ఆ వారం పెద్ద మీటింగులో ఆయన లేచి, పూజ రోజు లెక్క తన నిర్ణయమేనని, దానివల్ల ఏం జరగబోయిందో పూస గుచ్చినట్టు చెప్పారు. సాఫ్ట్‌వేర్ మీదకి నెట్టెయ్యొచ్చు, పండా గారి మీదకి నెట్టెయ్యొచ్చు. నెట్టలేదు. నేను చూసిన బాసుల్లో తెలివైనవాళ్ళు చాలామంది. ఇలాంటివాళ్ళు తక్కువ.

కొత్త అలారం సామాను రావడానికి సమయం పట్టింది. ఈలోగా ఒక మధ్యాహ్నం అదే పాత పెట్టె నిజంగానే హారన్ మోగించింది. ఎక్కడో అతుకు దగ్గర గ్యాసు కారింది. అప్పలరాజు తర్వాత నాకు చెప్పాడు: “పంపు కాడున్నాం మేడమ్. గుయ్యిమని మోగీసింది. సాహూ గాడు నవ్వుతూ ‘ఫిర్ టెస్టింగ్ హై క్యా’, మళ్ళీ టెస్టింగేనా అన్నాడు. నాకు ఆ రోజు దీపం ఎలగకపోడం గుర్తొచ్చీసింది. ‘పదండ్రా పైకి’ అని అందర్నీ ఎక్కించీసినాను. పైకొచ్చినాక ఒక్కొక్కడి తలా లెక్కెట్టీసినాను.” అందరూ క్షేమంగా పైకి వచ్చారు. నా ఉద్యోగంలో నాకు దొరికిన అతి పెద్ద సంతోషం ఇదే. దానికి సర్టిఫికెట్ ఏదీ లేదు.

బొట్టు పెట్టాను, నంబరు రాసుకోండి

తర్వాత మేం పద్ధతి మార్చాం. మెయిలుకి జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు అనే నిబంధన తీసేశాం. ఏ కంప్యూటర్నయినా ఆపాలంటే దాని బాధ్యుడితో నోటితో మాట్లాడాలి. ఆ మాటకి గుర్తుగా ప్రైవేట్ నంబరు. మా నాన్న పద్ధతి చౌబే గారికి చెబితే పిల్లాడిలా సంబరపడ్డారు. ప్రతి బాధ్యుడికీ అచ్చు వేసిన నంబర్ల కాగితం ఇచ్చాం.

ఇంకొకటి కూడా చేశాం, అది నాకు ఎక్కువ ఇష్టం. పూజ రోజు తప్పు జరిగింది కదా, ఆ పూజ రోజునే సరిదిద్దుకునే రోజు చేసుకున్నాం. ఆ రోజు సాఫ్ట్‌వేర్ తిరగదు. ఎవరి కంప్యూటరుకి వాళ్ళు బొట్టు పెట్టాక మా ఆఫీసుకి ఫోన్ చేస్తారు. “పెట్టాను” అని నంబరు చెబుతారు. మేం తిరిగి చెప్పి రాసుకుంటాం. బొట్టు పెట్టని మతాలవాళ్ళు తుడిచి, మొక్కి, ఏదో తమకి తోచింది చేసి ఫోన్ చేస్తారు. నేను మా సర్వర్ గదిలో ఒక నిమిషం ప్రార్థన చేసుకునేదాన్ని. ఫోను రాని కంప్యూటరు దగ్గరికి మాలో ఒకరం నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళం. అలా వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి తెలిసేది: మనిషి మారాడనో, పని మారిందనో, లేదా నిజంగానే దాని అవసరం తీరిపోయిందనో.

బయటి కంపెనీ నుంచి తనిఖీకి వచ్చిన ఒకాయన ఇదంతా విని, ఇది శాస్త్రీయమైన పద్ధతి కాదన్నాడు. చౌబే గారు ఆయన్ని నేలమాళిగకి తీసుకెళ్ళి మెట్లు దింపి, ఎక్కించి తెచ్చారు. ఆయాసంలో ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇకమీద ఎలా ఉంటుంది

స్నేహ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. సీఎండీబీలు ఉంటాయా, పోతాయా అని. ఈ రోజుల్లో సగం సర్వర్లు మన గదిలో లేనే లేవు, ఎక్కడో క్లౌడ్‌లో ఉన్నాయి. పొద్దున పుట్టి సాయంత్రానికి మాయమవుతాయి. వాటికి మనిషి కూర్చుని వివరాలు ఎక్కించడం జరిగే పని కాదు, ఎక్కించకూడదు కూడా. ఆ పని సాఫ్ట్‌వేర్ చేసుకుంటుంది, నాకంటే బాగా చేస్తుంది. నేను దానికి అడ్డం పడే ముసలిదాన్ని కాను.

ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది. స్నేహ తన ఫోనులో చూపించింది. ‘ఈ సర్వర్ ఆపితే ఏమవుతుంది?’ అని అడిగితే సీఎండీబీ చదివి చక్కటి వాక్యాల్లో జవాబు చెప్పింది. ముచ్చటేసింది. నా భయం కూడా అక్కడే ఉంది. వెనకటి రికార్డు తప్పుగా ఉంటే అది చూడ్డానికి కూడా తప్పుల తడకలా ఉండేది, కాబట్టి అనుమానం వచ్చేది. ఇది తప్పు రికార్డుని కూడా ఎంతో మర్యాదగా, ధీమాగా వినిపిస్తుంది. పండా గారి పేరు దాని నోటితో వింటే నేను కూడా నమ్మేసేదాన్నేమో.

కాబట్టి కొత్తగా వస్తున్నవాళ్ళకి నా మాట: యంత్రాలు కనిపెట్టగలిగినవన్నీ యంత్రాలకి వదిలెయ్యండి. మీ సమయం అంతా ‘బాధ్యులు’ అనే ఒక్క వరస మీద పెట్టండి. దేని కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు, ఆగితే ఎవరి ప్రాణం మీదికి వస్తుంది, అది నెట్‌వర్క్ మీద తిరిగితే దొరకదు. షాపులోకి దిగాలి, టీ తాగాలి, పేర్లు అడగాలి. మీ బాసు దీన్ని కాలక్షేపం అంటే అననివ్వండి. బూట్లకి మసి అంటని సీఎండీబీ ఇంజనీరుని నేనైతే నమ్మను.

ఈ ఏడు పూజ

నేను రిటైరయ్యే రోజున అన్నీ అప్పగించాను, లాప్‌టాప్, తాళాలు, నంబర్ల కాగితాలు. అయినా ఆ ఏడాది విశ్వకర్మ పూజ రోజున నా సొంత ఫోన్ మోగింది. అప్పలరాజు. “బొట్టెట్టీసినానమ్మా. నంబరు రాసుకోండి.” కొత్త అలారం వచ్చి నేరుగా మోగుతున్నా, దాని రీడింగులు రాసుకోవడానికి ఆ పాత పెట్టె అక్కడే ఉంది. నేను రిటైరైన సంగతి అతనికి తెలుసు. నాకు చెప్పకపోతే చెప్పినట్టుండదట. నేను న్యూస్‌పేపరు అంచున రాసుకుని, స్నేహకి ఫోన్ చేసి చెప్పాను. మరుసటి ఏడాదీ అంతే. ఆ ఫోను కోసం పొద్దున్నే స్నానం చేసి కూర్చునేదాన్నని మావారు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

ఈ ఏడు ఫోను రాలేదు. పది గంటలైంది, పదకొండైంది. పవర్ హౌస్ బజారు వైపు నుంచి మైకుల పాటలు వినబడుతున్నాయి. నాకు ఒక పక్క రోషం, ఒక పక్క భయం. మనిషికి ఒంట్లో బాగుందో లేదో, ఆ నేలమాళిగలో ఏమైనా జరిగిందో. మావారు, “నువ్వే చెయ్యొచ్చుగా,” అన్నారు. చెయ్యబోతుంటే స్నేహ ఫోన్ వచ్చింది.

“ఆంటీ, రాజు అంకుల్ ఫోన్ వచ్చింది. సీధా నాకే చేశారు.” ఆ అమ్మాయి గొంతులో సంతోషం, దాంతోపాటు కొంచెం బెరుకు. “వో క్యా హై నా, మొన్న నేను చెక్ చేశాను. ఆ కంప్యూటరుకి ఆఫీసు తరఫు బాధ్యులుగా ఇంకా మీ పేరే ఉంది. మార్చేశాను. అంకుల్ దగ్గరికి వెళ్ళి, అబ్ సే ముఝే బోల్‌నా, ఇకనుంచి నాకే చెప్పండి అన్నాను. మిమ్మల్ని అడగకుండా చేశాను ఆంటీ. సారీ.”

ఇన్నేళ్ళూ ఊరందరి పాత పేర్లూ వెతికి తీయించిన మనిషిని నేను. తాళాలతో పాటు నా పేరు కూడా అప్పగించాలన్న సంగతి నాకూ తోచలేదు. ఒక్క క్షణం చిన్నబుచ్చుకున్నాను, అబద్ధం చెప్పను. కానీ ఇంత హాయి నాకు రిటైర్మెంట్ సన్మానం రోజున కూడా కలగలేదు. ఈ పిల్ల రికార్డు చదివి ఊరుకోలేదు. మెట్లు దిగి కిందకి వెళ్ళింది.

“సారీ ఏమిటే పిచ్చిపిల్లా,” అన్నాను. “రాజు బాగున్నాడా?”

“బఢియా ఉన్నారు ఆంటీ. లడ్డూలు పంపిస్తానన్నారు.”

“మరి నంబరు చెప్పు.”

కాగితం గరగరలాడిన చప్పుడు వినబడింది. కళ్ళిప్పి చూస్తోందన్నమాట. “సైఁతాలీస్,” అంది, మళ్ళీ సర్దుకుని, “నలభై ఏడు,” అంది.

“నలభై ఏడు,” అని తిరిగి చెప్పాను.

నాన్న గేటు దగ్గరైతే అక్కడితో సిగ్నల్ పడేది, బండి దాని దారిన అది వెళ్ళిపోయేది. నేను ఫోను పెట్టేసి, మావారికీ నాకూ టీ పెట్టడానికి లేచాను.